పదకొండు భాషల్లో మొదటి పాఠం

ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటే మంచి ఉద్యోగం వస్తుందో తేల్చుకోలేక తల పట్టుకుని కూర్చున్న సోదర సోదరీమణులారా! ముందుగా నా అభినందనలు అందుకోండి. మీరు చాలా మంచి చోట ఉన్నారు. అక్కడే ఉండండి. దయచేసి ఎవరి ఒత్తిడికీ లొంగి తేల్చేసుకోకండి!

తేల్చుకున్నవాళ్ల గతి ఏమవుతుందో నాకు బాగా తెలుసు. వాళ్లలో ఒకరు మా ఇంట్లోనే ఉన్నారు. మా అమ్మాయి. తేల్చుకోనివాళ్లు ఎంత ఎత్తుకు ఎదుగుతారో కూడా తెలుసు. ఆయన మా వీధి చివరింట్లో ఉంటాడు. మా తోడల్లుడు. ఈ ఇద్దరూ ఒకే కంపెనీలో, ఉన్న ఒక్క ఉద్యోగానికి పోటీపడ్డారు. ఎవరికొచ్చిందో చెబుతాను. విన్నాక మీరే నాకు దండం పెడతారు.

అసలు ఒక భాషను ఎంచుకోవడం వల్ల వచ్చే మొట్టమొదటి నష్టం ఏమిటో ఆలోచించారా? దాన్ని నేర్చుకోవాల్సి వస్తుంది!

అవును మరి. కుర్చీలో కూర్చోవాలి. ఒక చుక్క తక్కువైందని తెర ఎర్రటి అక్షరాలతో తిడుతుంటే పడాలి. ఎక్కడ తప్పు చేశామో వెతకాలి. దొరికాక, అది మన తప్పేనని ఒప్పుకోవాలి! ఇంతకంటే అవమానం ఏముంటుంది? అదే ఎంచుకుంటూ ఉన్నారనుకోండి, ఎంత హాయి! సోఫాలో కాళ్లు చాపుకుని వీడియోలు చూడొచ్చు. 'ఈ ఏడాది తప్పక నేర్చుకోవలసిన పది భాషలు' ఒకటి. 'ఈ ఏడాది పొరపాటున కూడా ముట్టుకోకూడని పది భాషలు' ఇంకొకటి. రెండింట్లోనూ భాషలు దాదాపు అవే కాబట్టి పేర్లు గుర్తుపెట్టుకునే శ్రమ కూడా ఉండదు.

పైగా సమాజంలో గౌరవం. ఇంకా ఖాళీగానే ఉన్నావా అని ఆరాలు తీసే మేనత్తతో, 'ఏ లాంగ్వేజ్ తీసుకోవాలా అని స్టడీ చేస్తున్నానత్తా' అని చూడండి. ఆవిడ ముక్కున వేలేసుకుని మరీ వెళ్లిపోతుంది. సలహాలకు కొదవా? మా అమ్మాయి చదువు అయిపోయిన కొత్తలో మా ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ ఒక భాష చేతిలో పట్టుకునే వచ్చాడు. గ్యాస్ స్టవ్ బాగుచేసేవాడు పైథాన్ అన్నాడు. కింది వాటా ఆవిడ, వాళ్ల చెల్లెలి తోడికోడలి కొడుకు జావాతోనే ఇల్లు కొన్నాడంది. మా పళ్ల డాక్టరైతే నా నోరు తెరిపించి, నేను ఎదురు చెప్పే వీల్లేని సమయం చూసుకుని, రాబోయే రోజులన్నీ రస్ట్‌వేనని తేల్చేశాడు. నాకు నొప్పి పుట్టి మూలిగాను. ఒప్పుకున్నాననుకున్నాడు.

ఇంతమంది ఇన్ని చెప్పినా మా అమ్మాయి ఏం చేసిందో తెలుసా? అందరి మాటా మర్యాదగా విని, ఒక భాష ఎంచుకుంది. దాన్నే పట్టుకుని కూర్చుంది! అది ఏ భాషో మాత్రం చెప్పను. చెబితే మీలో సగంమంది 'అయ్యో, అదా!' అని జాలిపడతారు. మిగిలిన సగం 'అదేనండీ అసలైనది' అంటూ నాకు ఉత్తరాలు రాస్తారు. జాలికీ ఉత్తరాలకీ మా ఇంట్లో చోటు లేదు.

ఇక మా తోడల్లుడి సంగతికి వస్తాను. మనిషి బంగారం. మా మరదలికి భర్త, మా అమ్మాయికి బాబాయి. బూట్లు తయారుచేసే కంపెనీలో, ఫ్యాక్టరీ వెనకున్న గోడౌన్‌లో పని. ఆయన సెక్షన్ పేరు జత సెక్షన్. అదేమిటంటారా? బూట్ల షాపులో అద్దాల వెనక ఎప్పుడూ ఒక్క బూటే పెడతారు, గమనించారా? రెండోది లోపల అట్టపెట్టెలో ఉంటుంది. ఏడాది తిరిగేసరికి ఏది ఎక్కడుందో షాపువాళ్లకే తెలీదు. అమ్ముడుపోని సరుకుతో పాటు ఆ ఒంటి బూట్లన్నీ గోడౌన్‌కు తిరిగొస్తాయి. వాటికి ఎడమ, కుడి అని స్టిక్కర్లు అతికించి, కంప్యూటర్‌లో ఎక్కించి, జత వెతికి కలపడం మా తోడల్లుడి పని. ఎంత పుణ్యకార్యమో చూడండి!

ఆయన టేబుల్ మీద ఒక గోధుమరంగు బూటు ఉండేది. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో స్వయంగా స్టిక్కర్ వేసిన బూటు. 'ఎడమ' అని ఉండేది. ఇన్నేళ్లలో దానికి కుడిది దొరకలేదు. పారేయడానికి ఆయనకు మనసు రాక దాన్ని పెన్నులు పెట్టుకోవడానికి వాడుకునేవాడు. సెక్షన్‌లో అందరూ దాన్ని 'పెళ్లికొడుకు' అని పిలిచేవారు.

అలాంటి సెక్షన్‌ను మూసేస్తున్నామని ఒకరోజు పెద్ద మేనేజరు కబురు చెప్పాడు. జతలు కలిపే పని ఇకమీద సాఫ్ట్‌వేర్ చేస్తుందట. ఆ సాఫ్ట్‌వేర్ విభాగంలో ఒకే ఒక్క పోస్టు ఉందట. ఏదైనా ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని వస్తే లోపలివాళ్లనైనా, బయటివాళ్లనైనా చూస్తారట. నేర్చుకోనివాళ్లు ఇంటికే.

ఆ సాయంత్రం మా తోడల్లుడు వచ్చి మా వరండాలో కూలబడ్డాడు. "అన్నయ్యా, ఈ వయసులో నాకు కొత్త భాషేమిటి? రేపు మానేయమంటే పిల్లల ఫీజులు నేనెక్కణ్ణుంచి తేను?" అన్నాడు. ఆయన గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు. ఎగతాళి పక్కనబెట్టి చెబుతున్నాను, నాకూ భయమేసింది.

కానీ భయపడ్డవాడే గెలుస్తాడు పాఠకులారా! ఎందుకంటే భయపడ్డవాడు పొరపాటున కూడా ఒకదాని మీద నిలబడడు.

మొదట పైథాన్ పట్టాడు. ఏ భాషలోనైనా మొదటి పాఠం ఒకటేనట. తెర మీద 'హలో వరల్డ్' అని కనిపించేట్టు చేయడం. అంటే, నేర్చుకునేవాడు ముందు ప్రపంచాన్ని పలకరించాలి. ఆ ఆచారం ఎవరు పెట్టారో గానీ చాలా మర్యాదస్తులై ఉండాలి. మా తోడల్లుడు పలకరించాడు. తెర మీద ఆ రెండు మాటలు కనబడగానే కేక వేసి ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాడు. మా మరదలు కళ్లు తుడుచుకుంది కూడా.

మర్నాడు రెండో పాఠం తెరిచేలోపు ఫోన్‌లో ఒక వీడియో. 'పైథాన్ పని అయిపోయిందా?' అని పెద్ద అక్షరాలు, పక్కనే నోరు తెరుచుకున్న కుర్రాడి బొమ్మ. అంతే! మా తోడల్లుడు పైథాన్ వదిలేసి జావా పట్టాడు. జావాలో ప్రపంచాన్ని పలకరించాడు. జావాకు కాలం చెల్లిందని ఇంకో కుర్రాడు నోరు తెరిచాడు. జావాస్క్రిప్ట్, గో, రస్ట్, కాట్లిన్, స్విఫ్ట్, రూబీ... ఎక్కడికెళ్లినా పలకరించడం, వచ్చేయడం. పెళ్లి విందుకు వెళ్లి ఆకు ముందు కూర్చోకుండా, గేటు దగ్గరే అందరికీ నమస్కారాలు పెట్టి వచ్చేసే పెద్దమనిషిలా!

కొన్ని నెలలు తిరిగేసరికి ఆయన ప్రపంచానికి పదకొండు భాషల్లో హలో చెప్పాడు. ప్రపంచం ఒక్కసారి కూడా తిరిగి పలకలేదు. మా ఇంట్లో పిల్లలు మాత్రం ఆయనకు 'హలో బాబాయి' అని పేరు పెట్టేశారు.

ఈలోగా మా అమ్మాయి ఏం వెలగబెట్టిందో వినండి. బాబాయిని బతిమాలి సెక్షన్‌లోని ఒంటి బూట్ల వివరాలన్నీ తెచ్చుకుంది. తనకొచ్చిన ఆ ఒక్క భాషలోనే, బూటు నంబరూ సైజూ కొడితే దాని జత ఏ అరలో ఉందో చెప్పే ప్రోగ్రామ్ ఒకటి తయారుచేసింది. ఎన్నిసార్లు చెడిందో, ఎన్నిసార్లు మళ్లీ మొదలుపెట్టిందో నేనే చూశాను. భోజనానికి పిలిస్తే 'వస్తున్నా నాన్నా' అనేది. అన్నం చల్లారిపోయేది, పిల్ల వచ్చేది కాదు. చివరికి అది పనిచేసినరోజు కేక వేయలేదు, ఎవర్నీ పిలవలేదు. వంటింట్లోకి వచ్చి, నిలబడే, చల్లారిన అన్నం తినేసింది. ఇలాంటి పిల్లకు ఉద్యోగం ఎలా వస్తుందండీ?

ఇంటర్వ్యూ రోజున ఇద్దర్నీ నా కారులోనే తీసుకెళ్లాను. పెద్దాయన కదా అని బాబాయిని ముందు సీట్లో కూర్చోబెట్టింది మా అమ్మాయి. వెనకసీట్లో లాప్‌టాప్ బ్యాగు ఒళ్లో పెట్టుకుని తను కూర్చుంది. దారి పొడుగునా బాబాయి పదకొండు భాషల్లో హలోలు వల్లె వేస్తూనే ఉన్నాడు. "బాబాయ్, కొంచెం నీళ్లు తాగండి, గొంతు ఆరిపోతుంది" అని వెనక నుంచి సీసా అందించింది. పోటీకి వెళ్లేటప్పుడు ఎదుటివాడికి నీళ్లిచ్చే బుద్ధి ఏ పుస్తకంలో నేర్చుకుందో నాకు తెలీదు. మా ఆవిడ తరఫునుంచి వచ్చి ఉంటుంది.

లోపల ముగ్గురున్నారు. పెద్ద మేనేజరు, నియామకాలు చూసే మేడమ్, బయటి నుంచి పిలిపించిన కన్సల్టెంట్. అక్కడ జరిగింది ఎవరిది వాళ్లు నాకు చెప్పారు. ఇద్దరికీ అబద్ధం చెప్పడం రాదు కాబట్టి నిజమే అయ్యుంటుంది.

ముందు మా అమ్మాయిని పిలిచారు.

"ఎన్ని లాంగ్వేజెస్ వచ్చమ్మా?" అన్నారు మేడమ్.

"ఒకటండీ."

"ఒక్కటేనా?" కన్సల్టెంట్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చూపు ఆనలేదేమో పాపం.

"బాగా వచ్చండీ. ఇంకోటి కావాలంటే నేర్చుకుంటాను. మీ ఒంటి బూట్లకు జత వెతికే ప్రోగ్రామ్ రాశాను. చూపించమంటారా?" అంటూ బ్యాగు జిప్పు మీద చెయ్యి వేసింది.

"పర్లేదమ్మా, టైమ్ లేదు. ఏ భాషలో రాశావు?"

చెప్పింది. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ భాష ఇప్పుడు నడుస్తోందా అని మేడమ్ అడిగింది. నడుస్తోందని ఒకరు, లేదని ఒకరు. ఆ వాదన తెగకుండానే మా అమ్మాయిని పంపేశారు. జిప్పు తెరవనేలేదు.

తర్వాత మా తోడల్లుడు. భాషలెన్ని అనగానే పదకొండు అన్నాడు. ముగ్గురూ నిటారుగా కూర్చున్నారు. బోర్డు మీద రాసి చూపించమన్నారు. ఇదేగా ఆయనకు కావలసింది! మార్కర్ తీసుకుని, తడుముకోకుండా, పదకొండు భాషల్లో ప్రపంచాన్ని పలకరించి చూపించాడు. బోర్డు చాలక చివరి రెండూ తలుపు మీద కాగితం అంటించి రాశాడట. కన్సల్టెంట్ లేచి నిలబడ్డాడు. ఎందుకు లేవడండీ? ఆయనకు తెలిసిన పాఠం కూడా అదొక్కటే అయ్యుంటుంది. అంత పరిచయమైన పాఠం ఎదురుపడితే ఎవరికైనా గౌరవం పొంగుకొస్తుంది.

"వీటన్నిటిలో ఏది మంచిదంటారు?" అని అడిగాడు మేనేజరు.

మా తోడల్లుడు అబద్ధం ఆడలేడు. "అది తేల్చలేకేనండీ ఇన్ని నేర్చుకోవాల్సొచ్చింది" అన్నాడు.

మేనేజరు బల్ల చరిచాడు! కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఏ భాషలో కట్టాలా అని వాళ్లు ముగ్గురూ అప్పటికి ఎన్నో మీటింగులు పెట్టుకున్నారట. బోలెడన్ని బిస్కెట్లు తిన్నారట. తేలలేదట. తేల్చలేకపోవడంలో తమను మించిన మనిషి ఒకడు ఎదురుగా నిలబడి ఉంటే ఎలా వదులుకుంటారు? అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చారు. ప్రోగ్రామ్ రాసే ఉద్యోగం కాదు, అంతకంటే పెద్దది. భాషా సలహాదారు! ఏ భాష నేర్చుకుంటే మేలో ఆలోచిస్తూ ఉండటమే పని. అద్దాల గది, చక్రాల కుర్చీ. ప్రోగ్రామ్ రాసే మనిషిని భాష తేలాక తీసుకుంటారట.

ఇప్పుడు చెప్పండి. నా సిద్ధాంతం నిజమా, కాదా?

తిరుగు ప్రయాణంలో మా తోడల్లుడు ముందు సీటు తలుపు తీసి, "నువ్వు కూర్చో అమ్మలూ" అన్నాడు. తను వెనక్కి వెళ్లాడు. దిగేటప్పుడు మా అమ్మాయి, "బాబాయ్, మీ ఉద్యోగం పోలేదు. నాకు నిజంగా సంతోషంగా ఉంది" అంది. నిజంగానే అంది. ఆ తర్వాత గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అదీ నిజమే.

కొన్నాళ్లు మా ఇంటికీ వీధి చివరింటికీ మధ్య మాటలు తగ్గాయి. అక్కాచెల్లెళ్ల ఫోన్లు 'ఆఁ, ఊఁ'ల్లోకి వచ్చాయి. మా ఆవిడ నన్ను పట్టుకుని, "మీరు కారులో తీసుకెళ్లకపోతే ఆయన టైముకు అందుకునేవాడా?" అని నిలదీసింది. అమ్మాయి కూడా అందుకునేది కాదన్నాను. "ఆటోలో పంపేదాన్ని!" అంది. పేపరు తెరిచాను. అందులోనూ అదే వార్త. ఈ ఏడాది మంచి ఉద్యోగానికి నేర్చుకోవలసిన పది భాషలు. పేపరు మడిచేశాను.

ఒక ఆదివారం పొద్దున బిస్కెట్ ప్యాకెట్ ఒకటి, భుజానికో సంచీ, వీటితో మా తోడల్లుడు గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు. అద్దాల గది అచ్చిరాలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"అన్నయ్యా, అమ్మలు ఉందా?"

సంగతేమిటంటే, సలహాదారుగారు ఊరికే సలహాలిస్తూ కూర్చుంటే బాగుండదని, భాష తేలేలోపు నమూనాగా చిన్న ప్రోగ్రామ్ ఏదైనా రాసి చూపించమన్నాడట మేనేజరు. నెలాఖరుకు చూపించాలి. చూపించలేకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. మా తోడల్లుడు అడగలేదు.

మా అమ్మాయి గదిలోంచి బయటికొచ్చింది. ఆయన నేల చూపులు చూస్తూ, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"అమ్మలూ... రెండో పాఠంలో ఏముంటుంది?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఈ పిల్ల ఇప్పుడు తలుపు మొహాన వేసినా తప్పులేదనుకున్నాను. వేస్తే బాగుండునని కూడా, ఇంకేం దాచను, ఒక్క క్షణం అనుకున్నాను. ఆమె లోపలికి వెళ్లి ఇంకో కుర్చీ లాక్కొచ్చి తన టేబుల్ పక్కన వేసింది.

"షరతులు బాబాయ్. 'ఇలా అయితే ఇది చెయ్యి, కాకపోతే అది చెయ్యి' అని చెప్పడం. అంతే."

"అంటే?"

"ఈ బూటు ఎడమదైతే కుడిదాన్ని వెతుకు. కుడిదైతే ఎడమదాన్ని వెతుకు."

ఆయన నోరెళ్లబెట్టాడు. "ఇంతేనా? ఇది నేను రోజూ చేసిన పనేగా!"

మరి! రెండో పాఠం గుమ్మం ముందు పదకొండుసార్లు నిలబడి, పదకొండుసార్లూ వెనక్కి తిరిగిన మనిషి. లోపల ఉన్నది తన సెక్షనేనని అప్పుడు తెలిసింది.

తర్వాత మా అమ్మాయి తన ప్రోగ్రామ్ తెరిచి చూపించింది. ఆయన ఒక్కొక్క నంబరే చెబుతుంటే తెర మీద అర పేరు, వరస పేరు వస్తున్నాయి. ఆయన ముచ్చటపడిపోయి సంచీలోంచి గోధుమరంగు బూటు తీశాడు. సెక్షన్ మూసేసినప్పుడు పెన్నులతో సహా తెచ్చేసుకున్నాడట. "మన పెళ్లికొడుకు సంగతి చూడమ్మా" అని నంబరు చెప్పాడు.

'జత లేదు' అంది తెర.

"నాకు తెలుసులే" అన్నాడాయన. మా అమ్మాయి ఊరుకోలేదు. బూటు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. స్టిక్కర్ చూసింది. కిందపెట్టి, తన కుడికాలు అందులో దూర్చింది.

"బాబాయ్, ఇది కుడిది."

"ఎడమదమ్మా. నేనే స్టిక్కర్ వేశాను."

"వేసేటప్పుడు దీన్ని టేబుల్ మీద ఎలా పెట్టుకున్నారు?"

ఆయన పెట్టి చూపించాడు. బూటు ముక్కు తన వైపు, మడమ అవతలి వైపు. ఎదురుగా తిప్పి పెట్టుకుంటే కుడిది ఎడమదిలా కనిపిస్తుంది, అద్దంలో చూసుకున్నట్టు. చేరిన కొత్తలో అలాగే పెట్టుకునేవాణ్ణని, కొన్నాళ్లకు ఒక సీనియర్ చూసి 'మడమ నీ వైపు తిప్పుకోవయ్యా' అని మందలించాడని, అప్పటికే వేసిన స్టిక్కర్ల సంగతి ఎవరికీ తట్టలేదని మెల్లగా చెప్పాడు. ఒకే నంబరు ఎడమవి రెండుంటే రెండు షాపుల నుంచి వచ్చాయనుకునేవారట. ఆయన ఇన్నేళ్లూ దాని కుడిదాని కోసం వెతికాడు. దాని ఎడమది ఇన్నేళ్లూ అరలో కూర్చుని ఉంది.

మా అమ్మాయి ఇంకో షరతు రాసింది. కంప్యూటర్‌లో ఎక్కించిన తేదీని బట్టి, ఆ కొత్తలో, ఆ టేబుల్ మీద స్టిక్కర్ పడిన బూటైతే ఎడమను కుడి అనుకో, కుడిని ఎడమ అనుకో. మీట నొక్కింది. తెర నిండా జతలు! ఒకదాని కింద ఒకటి దిగుతూనే ఉన్నాయి. మా తోడల్లుడు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఈసారి కేక వేసింది మా ఆవిడ. వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది. 'ఆఁ, ఊఁ'లు ఆ పూటతో పోయాయి.

మర్నాడు మా తోడల్లుడు పెద్ద మేనేజరు బల్ల మీద గోధుమరంగు బూట్ల జత పెట్టాడు. గోడౌన్ వెనక అరల్లో మగ్గుతున్న మిగతా జతల సంగతీ చెప్పాడు. మేనేజరు కుర్చీలోంచి లేచిపోయాడట. నమూనా అంటే ఇదీ, సలహాదారంటే మీరూ అన్నాడట.

"నేను కాదండీ. మా అమ్మాయి. మీరు ఇంటర్వ్యూ చేసి పంపించేశారే, ఆ అమ్మాయి. ఆమెను తీసుకోండి సార్, మిగతాది కూడా కట్టేస్తుంది" అన్నాడు మా తోడల్లుడు.

నిజాయితీ గల మనిషి. అందుకు ఆయనకు నా నమస్కారం. ఎగతాళికి కాదు.

"ఏ భాషలో రాసింది?" అన్నాడు మేనేజరు.

చెప్పాడు.

"అదొక్కటేనా వచ్చు? అమ్మో, రిస్క్ అండీ. రేపు ఆ భాషే పోతే?" అన్నాడు మేనేజరు, రెండు బూట్లూ చెరొక చేతిలో పట్టుకుని.

చూశారా పాఠకులారా, దూరదృష్టి! చేతిలో ఉన్న జత కలిసిన బూట్లు కాదు, రేపు పోబోయే భాష కనబడింది ఆ మహానుభావుడికి. అయినా మంచివాడే. సలహాదారుగారి మాట కొట్టిపారేయకుండా, ప్రోగ్రామ్ రాసే మనిషి కోసం ఆ వారమే ప్రకటన ఇచ్చాడు. 'అభ్యర్థికి మా భాషా సలహాదారుగారి స్థాయిలో కనీసం పదకొండు భాషలు వచ్చి ఉండవలెను.'

కాబట్టి మళ్లీ చెబుతున్నాను. ఏ భాషా ఎంచుకోకండి. ఒకటి ఎంచుకుని, దాంతో ఒక పని చేసి చూపించగలిగితే, చూపించమనే నాథుడు లేడు. ఏ భాషలో, ఎన్ని భాషల్లో అని అడిగేవాళ్లు వీధికి నలుగురున్నారు. 'ఏదమ్మా, నువ్వు చేసింది ఓసారి తెరిచి చూపించు' అనేవాడు ఒక్కడు దొరికితే వాడికి గోధుమరంగు బూట్ల జత నేనే కొనిపెడతాను. ఆ బ్యాగు జిప్పు తెరవనివ్వని మనుషుల మీద నాకు చాలా కోపంగా ఉంది. ఇంతసేపూ నవ్వుతూ చెప్పాను గానీ, ఉన్నది కోపమే.

నిన్న సాయంత్రం రెండు కాఫీ కప్పులు పట్టుకుని మా అమ్మాయి గదిలోకి వెళ్లాను. ఒకే టేబుల్, రెండు కుర్చీలు. ఒక కుర్చీలో మా తోడల్లుడు. ఐదో పాఠంలో ఉన్నాడు. తప్పెక్కడుందో వెతుక్కుంటూ పెదవి కొరుక్కుంటున్నాడు. కాఫీ చల్లారిపోతుందయ్యా అంటే 'వస్తున్నా అన్నయ్యా' అన్నాడు.

రెండో కుర్చీలో మా అమ్మాయి. ఆమె తెర మీద ఒకే ఒక్క లైను ఉంది. ప్రపంచానికి హలో చెబుతోంది.

"ఎన్నో భాష అమ్మా?" అన్నాను.

"మూడోది నాన్నా" అంది తల తిప్పకుండా. "ఇంకా ఎనిమిదున్నాయి."